కదిలే గదికి కొత్త కప్పు: పైపూతతో సరిపెట్టరాదు

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దలు చెప్పిన మాట. కోల్‌కతాకు తూర్పున వెలసిన న్యూ టౌన్‌లో ఈ మాటలోని సత్యం ఏటేటా బోధపడుతూనే ఉంటుంది. వేసవిలో హఠాత్తుగా విరుచుకుపడే కాలబైశాఖి గాలివానలు, జూన్ మాసంలో ప్రవేశించే ఋతుపవనాలు, అప్పుడప్పుడు బంగాళాఖాతం నుండి వచ్చే తుపానులు ఇక్కడివారికి కొత్త కాదు. 2020 మే 20న అంఫాన్ తుపాను వచ్చినపుడు నగరంలో గాలివేగం గంటకు సుమారు 130 కిలోమీటర్లకు చేరింది. 2025 సెప్టెంబరు 22, 23 తేదీల నడుమ ఒక్క రోజులోపే 251.4 మిల్లీమీటర్ల వర్షం కురిసి, జలమయమైన నగరంలో పలువురు విద్యుదాఘాతానికి గురై ప్రాణాలు కోల్పోయారు.

న్యూ టౌన్ నేటికీ నిర్మాణం సాగుతున్న పట్టణం. పని జరిగే చోటల్లా చక్రాలపై కదిలే ట్రైలర్ గదులు కనిపిస్తాయి. పగలు ఇంజనీరు బల్ల, పటములు, కంప్యూటరు అందులోనే ఉంటాయి. రాత్రివేళ కాపలాదారుకు అదే ఆశ్రయం. అటువంటి గది కప్పు మార్చి, నీరు చొరకుండా బిగించే పనిలో మేము తెలుసుకొన్న సంగతులను ఉద్యోగ సోదర సోదరీమణులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవడమే ఈ వ్యాస ఉద్దేశం.

చుక్క ఒకచోట, చిల్లి మరొకచోట

మా గది కప్పు 6 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల వెడల్పు, అంటే 14.4 చదరపు మీటర్లు. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఆ లెక్కన పైన చెప్పిన 251.4 మిల్లీమీటర్ల వానకు ఇంత చిన్న కప్పు మోయవలసినది 3,600 లీటర్లకు పైమాటే.

నీటి చుక్కలు స్విచ్చి బోర్డు ప్రక్కన పడుతుండేవి. కాని నీరు లోనికి చొరబడినది అక్కడినుండి కాదు, ఏ.సి. కొరకు కప్పులో కోసిన రంధ్రపు అంచునుండి. చొరబడిన నీరు చట్రపు బద్దీల వెంబడి పారి, పల్లం దొరికిన చోట కారుతుంది. కనుక మచ్చ కనిపించిన చోటనే మందు పూయడం వ్యర్థం. గొట్టంతో క్రిందినుండి పైకి కొంచెం కొంచెంగా నీరు పట్టి, ఒక్కొక్క అతుకును పరీక్షించాలి. విద్యుత్తు పూర్తిగా నిలిపిన తరువాతనే ఈ పరీక్ష చేయాలి.

విప్పి చూడక తప్పదు

పాత కప్పుపై అంతకుముందెవరో దట్టంగా తారు పూసి ఉంచారు. చూడడానికి గట్టిగానే ఉన్నది. రేకు విప్పగా దాని క్రింది ప్లైవుడ్ పొరలు పొరలుగా ఊడివచ్చింది. తడిసిన కలపను పైనుండి మూసివేస్తే లోని తేమ బయటకు పోలేదు. కుళ్ళు లోలోపలే ప్రాకుతుంది. బయటికి బాగున్నట్లు కనిపించే ఇటువంటి కప్పుపై నమ్మకంతో కాలు మోపిన మనిషి నేరుగా క్రింద పడవచ్చు. ఈ పనిలో అన్నింటికన్న పెద్ద ప్రమాదం ఇదే. అందువలన కప్పుపై నేరుగా నడవక, చట్రపు దూలాలపై ఆనేటట్లు వెడల్పయిన పలకలు పరచి, వాటిమీదనే పనిచేయించాము.

స్క్రూడ్రైవరు మొనతో గ్రుచ్చితే మెత్తగా దిగిన ప్రతి భాగాన్నీ, గట్టి కలప తగిలేవరకు తొలగించాలి. మిగిలినదానిని బాగా ఆరనివ్వాలి. కొత్తగా వేసే ప్లైవుడ్ ఐ.ఎస్. 710 ముద్ర గల మెరైన్ రకమైతే మేలు. కోసిన అంచులకు ప్రైమరు పట్టించి, పలకల నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల సందు విడిచి, దానిపై టేపు అంటించాలి.

అతుకే ఆయువుపట్టు

పైపొరకు మేము అతుకులేని ఒకే ఈ.పి.డి.ఎం. రబ్బరు పరుపును ఎంచుకొన్నాము. జిగురు రాసి, మధ్యనుండి అంచులకు రోలరుతో ఒత్తుతూ పోతే గాలి బుడగలు నిలువవు. తారు, పెట్రోలియం ద్రావకాలు ఈ రబ్బరును చెడగొడతాయి, వాటిని దరిచేరనీయరాదు.

అంచుపట్టీలకు, ఏ.సి. చట్రానికి అడుగున బ్యుటైల్ టేపు పరచి, తుప్పు పట్టని మరలతో బిగించి, మరల తలలపై సాగే గుణం గల సీలెంటు వేయాలి. సాగే గుణమే ఎందుకనగా, 6 మీటర్ల అల్యూమినియం పట్టీ 40 డిగ్రీల ఉష్ణోగ్రతా భేదానికి సుమారు ఐదున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. దానికి తోడు బండిని లాగునపుడు కలిగే అదురు ఒకటి. రాయివలె గట్టిపడే ఎపాక్సీ ముద్ద ఈ కదలికకు పగుళ్ళిస్తుంది. సామాన్య సిలికోన్ వాడితే మరుసటి ఏడు దానిపై వేరే సీలెంటు అంటుకోదు. అంతా గీకి తీయవలసి వస్తుంది.

తగిన కాలం

దుర్గాపూజ వేడుకలు ముగిసి, వానలు వెనుదిరిగిన తరువాత నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఇక్కడ ఈ పనికి అనువైన కాలం. ఉదయపు మంచు తడి పూర్తిగా ఆరిన పిదపనే జిగురు రాయాలి. పని ముగిసిన తరువాత తిరిగి నీరు పట్టి పరీక్షించాలి. బండిని నిలిపేటపుడు ఒక వైపు కొద్దిగా ఎత్తు ఉంచితే నీరు నిలువదు. ఏడాదికి రెండుసార్లు, పూజల అనంతరం ఒకసారి, కాలబైశాఖికి ముందు ఒకసారి, అతుకులన్నీ తడిమి చూడాలి.

విహారయాత్రల కారవాన్ అయినా, గృహప్రాంగణంలోని రేకుల షెడ్డు అయినా ఈ సూత్రాలలో తేడా లేదు: మూలం వెదకాలి, కుళ్ళినది తొలగించాలి, ఆరిన తరువాతనే మూయాలి. ఇల్లు కాలుతున్నపుడు బావి త్రవ్వబూనినట్లు కాక, ఆకాశం నిర్మలంగా ఉన్న దినాలలోనే ఈ పని పూర్తిచేసికొనవలసినదిగా మా విజ్ఞప్తి. ఆ కప్పు క్రింద నిద్రించే కాపలాదారు, మరమ్మతుకై దానిపైకి ఎక్కే కార్మికుడు, ఇద్దరూ క్షేమంగా ఇల్లు చేరడమే ఈ శ్రమకు తగిన ఫలం.