సామాజిక భవనం: నిధులెవరివి? తాళంచెవి ఎవరిది?

సాహిత్యం గురించి మాట్లాడుకునేటప్పుడు మనం రచయిత గురించి ఆలోచిస్తాం, పాఠకుడి గురించి ఆలోచిస్తాం. ఆ ఇద్దరూ కలుసుకునే చోటు గురించి అంతగా ఆలోచించం. సభ జరగాలంటే హాలు కావాలి. నాటకం రిహార్సలుకు గది కావాలి. నలుగురు యువకులు కూర్చుని ఒక కథను చర్చించుకోవాలన్నా తలమీద కప్పు, ఒక దీపం వుండాలి. పట్నంలో అద్దె కట్టుకోగల సంఘాలకు ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు. పల్లెలోనూ చిన్న వూళ్లోనూ మాత్రం ప్రభుత్వ నిధులతో కట్టిన సామాజిక భవనమే చాలాసార్లు గతి. కనుక ఆ నిధులు ఎక్కడినుంచి, ఏ షరతులతో వస్తున్నాయో తెలుసుకోవడం సర్పంచులకూ ఇంజనీర్లకూ వదిలెయ్యవలసిన విషయం కాదు.

స్వాతంత్ర్యానంతరం ఈ పనిని పెద్దయెత్తున తలపెట్టింది సమాజ వికాస పథకం. 1952 అక్టోబరు 2న 55 ప్రాజెక్టులతో అది మొదలైంది. ఆ పథకం కింద బ్లాకుల్లో సోషల్ ఎడ్యుకేషన్ ఆర్గనైజర్లను నియమించారు. వయోజన విద్య, యువజన సంఘం, మహిళా మండలి, సామాజిక కేంద్రం - వీటిని నడిపించడం వారి బాధ్యత. ఆ పథకం స్థానిక ప్రజల చొరవను మేల్కొల్పలేకపోయిందని 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీయే చెప్పింది. భూసంబంధాలు మారకుండా పైనుంచి దిగిన వికాసం పెత్తందారుల అరుగుల దగ్గరే ఆగిపోవడంలో ఆశ్చర్యం లేదు. అయినా ఒక విషయాన్ని గుర్తించాలి. సామాజిక కేంద్రమంటే నాలుగు గోడలు కావు, అందులో సాగే పని అనీ, ఆ పనికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టాలనీ ఆ పథకం అంగీకరించింది.

తర్వాతి కాలంలో ఈ అవగాహన తలకిందులైంది. 1993 డిసెంబరులో పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంతాభివృద్ధి పథకం వచ్చింది. మొదటి ఏడాది సభ్యుడికి 5 లక్షలు. 1994-95లో కోటి, 1998-99లో రెండు కోట్లు, 2011-12లో అయిదు కోట్లు అయింది. చాలా రాష్ట్రాల్లో శాసనసభ్యుల పేర కూడా ఇటువంటి నిధులు ఏర్పడ్డాయి. పనిని సభ్యుడు సిఫారసు చేస్తాడు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. చిరకాలం నిలిచే ఆస్తుల్ని సృష్టించడం పథకం లక్ష్యం. కమ్యూనిటీ హాలు ఆ లక్ష్యానికి చక్కగా సరిపోతుంది. ఏడాది తిరగకుండా కట్టవచ్చు, ప్రారంభించవచ్చు, ఫలకం వేయించవచ్చు. ఖర్చు ఎంతో, సిఫారసు చేసిన సభ్యుడెవరో తెలిపే ఫలకం శాశ్వతంగా పెట్టాలని నిబంధనలే చెబుతున్నాయి.

మరి కరెంటు బిల్లు? కావలి మనిషి? పత్రికల చందా? వాటి సంగతి నిబంధనలు పూర్తిగా మరిచిపోలేదు. భవనాన్ని ఎవరు వాడుకుంటారో ఆ సంస్థనుంచి, నడిపే భారం తనదేనన్న గట్టి హామీని పని మొదలుపెట్టక ముందే తీసుకోవాలని 2016 నాటి నియమావళి స్పష్టంగా చెప్పింది. అనగా కట్టడం ప్రజాప్రతినిధి ఖాతాలో, నడపడం వూరి నెత్తిన.

ఇక్కడ రాజ్యాంగాన్ని కూడా చూడాలి. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చి, పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాలను పదకొండవ షెడ్యూలులో చేర్చింది. 20వది గ్రంథాలయాలు. 21వది సాంస్కృతిక కార్యక్రమాలు. చిట్టచివరిది, 29వది, సామాజిక ఆస్తుల నిర్వహణ. బాధ్యత పంచాయతీదే కావచ్చు. డబ్బు సంగతేమిటి? 2021-26 కాలానికి పదిహేనవ ఆర్థిక సంఘం గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపెట్టింది. మిగిలిన 40 శాతాన్ని ఈ 29 విషయాల్లో వూరి అవసరాన్నిబట్టి వాడుకోవచ్చుగాని జీతాలకు వాడరాదన్నది. కనుక ఆ డబ్బుతో కిటికీ బాగుచేయించవచ్చు, కిటికీ తెరిచే మనిషిని మాత్రం పెట్టుకోలేరు!

ఈ అమరిక ఫలితమేమిటి? నడిపే డబ్బు లేని భవనానికి తాళం పడుతుంది. తాళంచెవి వూళ్లో పలుకుబడి వున్నవాడి ఇంటికి చేరుతుంది. అక్కడినుంచి అది ప్రజల ఆస్తి అయినా, ఒకరి దయమీద తెరుచుకునే ఆస్తి. పెళ్లికి ఇస్తారు, పార్టీ సమావేశానికి ఇస్తారు. కూలిరేట్లమీద నాటకం ఆడతామన్న కుర్రవాళ్లకు ఇస్తారా? నిషేధపుటుత్తరువు అక్కర్లేదు, "తాళంచెవి దొరకలేదు" అంటే చాలు.

దీనికి కులం కోణం కూడా వున్నది. పార్లమెంటు సభ్యుల నిధుల్లో 15 శాతం దళితులు నివసించే ప్రాంతాల్లో, 7.5 శాతం ఆదివాసులు నివసించే ప్రాంతాల్లో ఖర్చుపెట్టాలన్నది నియమం. వూరుమ్మడి స్థలాలనుంచి తరాలుగా వెలివేయబడ్డవారికి సొంత భవనం హక్కుగా రావలసిందే. అయితే వాడలో ఒక హాలు వచ్చింది కనుక వూరి హాలుతో మీకేం పని అనే వాదనకు అది సాకు కాకూడదు.

నిధుల్ని ఇలా మాత్రమే ఇవ్వగలం అనుకుంటే పొరపాటు. మన ముందు మరో నమూనా వున్నది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది. అక్కడ సంఘం ముందు, భవనం తర్వాత. అటువంటి సంస్థలు పెంచిన గ్రంథాలయోద్యమం ఫలితమే 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం. దానికింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తున్నారు. ఇది ఏటేటా రావలసిన డబ్బు, ఒకరి సిఫారసుతో పనిలేని డబ్బు. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును గ్రంథాలయ సంస్థలకు జమచెయ్యకుండా బకాయి పెట్టడం పాత జబ్బే. అయితే బకాయిని బకాయి అని నిలదీసి అడగవచ్చు, దయను అలా అడగలేం.

పార్లమెంటు సభ్యుల నిధుల పథకాన్నే ఎత్తివెయ్యాలని రెండవ పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో సిఫారసు చేసింది. 2010లో సుప్రీంకోర్టు అది రాజ్యాంగబద్ధమేనన్నది. రాజ్యాంగబద్ధమా కాదా అన్నది ఒక ప్రశ్న, ప్రజాస్వామికమా కాదా అన్నది మరొక ప్రశ్న. రెండో ప్రశ్నను వెయ్యవలసింది మనం.

కనుక రచయితల సంఘాలు "మా వూరికి హాలు కావాలి" అన్న వినతిపత్రంతో ఆగిపోకూడదు. వున్న హాలు ఏడాదిలో ఎన్ని రోజులు తెరిచి వుంటున్నదో లెక్క కట్టాలి. దాన్ని నడుపుతామని హామీపత్రంమీద సంతకం చేసినదెవరో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగాలి. పంచాయతీ సొంత ఆదాయంలో దాని నిర్వహణకు ఒక పద్దు కేటాయించమని గ్రామసభలో పట్టుబట్టాలి. స్త్రీలూ దళితులూ యువకులూ వున్న కమిటీ చేతికి తాళంచెవి రావాలి. అద్దె ఎంతో గోడమీద రాయాలి. ఏం మాట్లాడబోతున్నారన్న దాన్నిబట్టి అనుమతి మారకూడదు.

శిలాఫలకంమీద ఎవరి పేరున్నదన్నది చిన్న విషయం. సాయంత్రం ఆరు గంటలకు ఆ తలుపు ఎవరికోసం తెరుచుకుంటున్నదన్నదే అసలు విషయం.