వేడిమికి ఓర్వలేని మందు

కోడిగ్రుడ్డును ఉడికించినచో లోపలి తెల్లసొన గట్టిపడును. మరల చల్లార్చినను అది పూర్వరూపమును పొందదు. దీనికి కారణము తెల్లసొనలోని మాంసకృత్తులు. అమైనో ఆమ్లములు గొలుసువలె కూడి, ఒక నియమిత రూపమున ముడుచుకొనగా మాంసకృత్తు ఏర్పడును. వేడిమి మించినపుడు ఆ ముడుతలు విడిపోయి, గొలుసులు ఒకదానితో నొకటి చిక్కుపడును.

మధుమేహ రోగులకు ప్రాణాధారమైన ఇన్సులిను కూడ ఇట్టి మాంసకృత్తే. 1921లో కెనడా దేశపు టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అను వారు దీనిని క్లోమమునుండి రాబట్టిరి. 1922 జనవరిలో మరణావస్థయందున్న పదునాలుగేండ్ల బాలుడొకడు దీనివలన తేరుకొనెను. దీనియందు రెండు గొలుసులు, 51 అమైనో ఆమ్లములు కలవు. వాని వరుసను కనుగొన్న సాంగర్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞునకు 1958లో నోబెల్ బహుమానము లభించెను.

ఇన్సులిను శక్తి దాని రూపమునందే యున్నది. వంగిన తాళపుచెవి తాళమును తీయలేనట్లు, రూపము చెడిన ఇన్సులిను రక్తములోని చక్కెరను తగ్గింపలేదు.

మందు ఎంత వేడిమికి ఓర్చునో తెలిసికొనుటకు పరిశోధనశాలలలో కెలోరీమీటరు అను పరికరమును వాడుదురు. అందు రెండు చిన్న పాత్రలుండును. ఒకదానిలో మందు కలిసిన ద్రవమును, రెండవదానిలో మందు లేని ఆ ద్రవమునే పోసి, రెండింటిని ఒకే తీరున మెల్లగా వేడిచేయుదురు. ముడుతలు విడిపోవునపుడు మందున్న పాత్ర అధికముగా వేడిమిని గ్రహించును. అట్లు జరుగు ఉష్ణోగ్రత ఎంత హెచ్చైన, మందు రూపము అంత దృఢమైనదని గ్రహింతురు. కాని ఇంతమాత్రము చాలదు. అంతకు తక్కువ వేడిమియందును మందు దినక్రమమున క్షీణించును. కావున సీసాలను వేర్వేరు ఉష్ణోగ్రతలలో నెలల తరబడి ఉంచి, నడుమనడుమ పరీక్షించి, గడువును నిర్ణయింతురు.

ఈ పరీక్షల ఫలితముగనే, తెరువని ఇన్సులిను సీసాను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు నడుమ ఉంచవలెనని నియమము ఏర్పడినది. అతిశైత్యమును హానికరమే; గడ్డకట్టిన ఇన్సులిను కరగిన పిదపనైనను వాడరాదు.

తెలుగునాట వేసవిలో పగటి వేడిమి 40 డిగ్రీలు దాటుట కలదు. శీతలయంత్రము లేని యిండ్లలో, పెద్ద మట్టికుండలో తడియిసుక పోసి, అందు చిన్న కుండ నుంచి, మందును నీడపట్టున భద్రపరతురు. నీరు ఆవిరియగుచు లోపలి వేడిమిని కొంత హరించును.

చెడిన మందు కొన్నిసార్లు కంటికి నిర్మలముగనే కనబడును. రోగి వేళ తప్పక సూదిమందు తీసికొనుచున్నను వ్యాధి లొంగదు. కనుక మందును కొనుట యెంత ముఖ్యమో, చల్లగా కాపాడుటయు అంతే ముఖ్యము.