చందమామ పేరు పెట్టుకొన్న దుబాసీ

పిల్లలూ, కుప్పం సంతలో ఎప్పుడైనా కాసేపు నిలబడి విన్నారా? ఒకరు తెలుగులో బేరం మొదలుపెడతారు. ఇంకొకరు అరవంలో జవాబు చెబుతారు. మధ్యలో మూడో ఆసామీ వచ్చి కన్నడంలో తీర్పు చెబుతాడు. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులు రెండూ దగ్గరే గనక అక్కడి వర్తకులకు రెండు మూడు భాషలు వచ్చి తీరాలి. పూర్వం ఒకరి మాటను మరొకరికి తిప్పి చెప్పే మనిషిని దుబాసీ అనేవారు. కంప్యూటరు లోపల కూడా అటువంటి దుబాసీ ఒకడున్నాడు.

కంప్యూటరు యంత్రానికి తెలిసినవి ఒకట్లూ సున్నలూ మాత్రమే. మనుషులు వాటితో రాయలేరు. అందుచేత మనిషికి వీలుగా ఉండే భాషలు కొన్నింటిని కల్పించుకొన్నారు. మనం ఆ భాషలో రాసిన వాక్యాన్ని చదివి, యంత్రం చేత ఆ పని చేయించేదే దుబాసీ సాఫ్టువేరు. భాష వేరు, దుబాసీ వేరు. ఈ తేడా గుర్తుంచుకోండి. ఒకే భాషకు పలువురు దుబాసీలు ఉండవచ్చు. ఒకడు ఇల్లంతా ఆక్రమించి కూర్చుంటాడు. మరొకడు మూలన పీట వేసుకొని సరిపెట్టుకొంటాడు.

పుంగనూరు ఆవును చూశారు కదా! ఎత్తు సుమారు మూడడుగులే. మేత కొంచెమే తింటుంది. కరువు సీమలో కూడా నెట్టుకు వస్తుంది. పాలు బిందెల కొద్దీ ఇవ్వదు గాని, వాటిలో వెన్న ఎక్కువ. ఆ జాతి అంతరించిపోకుండా పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో దానిని కాపాడుతూ వచ్చారు. దుబాసీలలో పుంగనూరు ఆవు వంటి వాడు ఒకడున్నాడు. అతని పేరు లువా.

ఈ లువా పుట్టినది 1993లో, బ్రెజిల్ దేశంలోని రియో డి జెనీరో నగరంలో. అక్కడి కాథలిక్ విశ్వవిద్యాలయంలో రొబెర్తో యెరుసాలింస్కీ, లూయిజ్ ఎన్రికె ఫిగెయిరెదో, వాల్దెమర్ సెలెస్ అనే ముగ్గురు అతన్ని తయారుచేశారు. అంతకు ముందు చాలా ఏళ్లు బ్రెజిల్‌లో విదేశాల కంప్యూటరు సామగ్రి కొనడానికి గట్టి ఆంక్షలు ఉండేవి. కావలసినది బయట కొనడం కష్టం గనక, స్వయంగా చేసుకోవడం వాళ్లకు అలవాటయింది. పెట్రోబ్రాస్ అనే చమురు సంస్థలో ఇంజనీర్లకు ఒక చిన్న భాష కావలసి వచ్చింది. ఆ ఇంజనీర్లు ప్రోగ్రాములు రాయడమే వృత్తిగా గలవాళ్లు కారు. అందుచేత ఆ భాష తేలికగా ఉండాలి. వీరి దగ్గర అప్పటికే రెండు చిన్న భాషలున్నాయి. వాటిలో ఒకదాని పేరు సోల్. పోర్చుగీసు భాషలో సోల్ అంటే సూర్యుడు. రెండింటినీ కలిపి కొత్తది చేసినప్పుడు ఒక మిత్రుడు, "సూర్యుని తరవాత చంద్రుడే గదా!" అన్న ధోరణిలో లువా అని పేరు సూచించాడు. లువా అంటే చందమామ.

లువా దుబాసీని సి అనే భాషలో సుమారు 30,000 పంక్తులలో రాశారు. తయారైన తరువాత అతడు పట్టే చోటు దాదాపు 300 కిలోబైట్లు. మీ నాన్నగారి సెల్‌ఫోనులో తీసిన ఒక్క ఫోటో దీనికి పదింతలు ఉంటుంది!

అయితే చిన్నగా ఉండడం ఒక్కటే అతని గొప్ప కాదు. అతడు మరొకరి ఇంట్లో ఒదిగి ఉండగలడు. పెద్ద సాఫ్టువేరు ఏదైనా లువాను తన లోపల పొదుగుకొని, "ఈ గది తాళం నీకిస్తున్నాను, ఆ గది వైపు పోవద్దు" అని చెప్పవచ్చు. ఇచ్చిన పరికరాలతోనే లువా పని చేస్తాడు, ఇవ్వని వాటి జోలికి పోలేడు. కంప్యూటరు ఆటలలోనూ, ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ వంటి సాఫ్టువేరులోనూ అతడు ఇలాగే కాపురముంటున్నాడు.

మన తెలుగువాళ్లకు అతనితో పని ఏమిటంటారా? 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. జీతంబత్తెం లేని వాళ్లు ఎందరో దానిలో రాస్తున్నారు. మదనపల్లె పేజీ తెరవండి. పక్కన ఒక పెట్టెలో పటమూ, జనాభా లెక్కా, పిన్‌కోడూ పేర్చి కనిపిస్తాయి. మొదట్లో ఇటువంటి పెట్టెలను "మూస"లతోనే తయారుచేసేవారు. మూసలో "ఇది ఉంటే అది చూపు, లేకుంటే ఇంకొకటి చూపు" అనే షరతులు ఒకదానిలో ఒకటి దూరి, జడపాయల మాదిరి చిక్కుపడేవి. పేజీ తెరుచుకోవడం ఆలస్యమయ్యేది. అందుచేత 2013లో వికీపీడియాలలో లువాను పొదిగారు. అలా పొదిగిన సాధనం పేరు స్క్రిబుంటో. అది లాటిన్ మాట. "వారు వ్రాయుదురు గాక" అని అర్థం.

వికీపీడియాలో ఎవరైనా రాయవచ్చు గదా, మరి ఎవరైనా తుంటరి అంతులేని లెక్క ఇచ్చి కూర్చుంటే? ఆ ఆలోచన ముందే చేశారు. ఒక పేజీని తయారుచేయడానికి లువాకు 10 సెకండ్ల కాలం, 50 మెగాబైట్ల చోటు మాత్రమే ఇస్తారు. దాటితే పని ఆపివేసి, ఎర్ర అక్షరాలతో తప్పు చూపుతారు.

2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. మదనపల్లె చిత్తూరు జిల్లా నుండి కొత్తగా ఏర్పడిన అన్నమయ్య జిల్లాలోకి పోయింది. పుంగనూరు, కుప్పం అప్పుడు చిత్తూరులోనే ఉండిపోయాయి. ప్రతి గ్రామం పేజీలోనూ జిల్లా పేరు చేత్తో రాసి ఉంటే, ఒక్కొక్క పేజీ తెరిచి దిద్దుకుంటూ పోవాలి. ఒకటి మరిచిపోతే, దాన్ని చూసి పిల్లవాడు పరీక్షలో తప్పు రాసి వస్తాడు. అలా కాక, మండలం పేరు చెబితే జిల్లా పేరు చెప్పే పట్టిక ఒకటి లువాకు ఇచ్చారనుకోండి. ఆ ఒక్క పట్టిక దిద్దితే అన్ని పేజీలూ మారిపోతాయి. కాని పట్టికలో ఒక్క తప్పు దొర్లినా అన్ని పేజీలూ చెడిపోతాయి! అందుకే ఎక్కువ పేజీలకు ఆధారమైన ప్రోగ్రాములను అందరూ ముట్టుకోకుండా నిర్వాహకులు తాళం వేసి ఉంచుతారు.

ఇంతా చేసి ఈ దుబాసీకి ఒక లోపం ఉన్నది. మా మనుమరాలు ఒకనాడు లువాకు "పుంగనూరు" అనే మాట ఇచ్చి, ఎన్ని అక్షరాలని అడిగింది. 24 అన్నాడు. "తాతయ్యా, వీడికి లెక్క రాదు! పుం, గ, నూ, రు, నాలుగే గదా!" అన్నది.

లువా లెక్క తప్పు కాదు. అతడు లెక్కపెట్టినది బైట్లను. ఇంగ్లీషు అక్షరం ఒక్క బైటులో ఇముడుతుంది. తెలుగులో ప ఒక గుర్తు, కొమ్ము ఒక గుర్తు, సున్న ఇంకొక గుర్తు. ఈ విధంగా పుంగనూరులో 8 గుర్తులు, ఒక్కొక్కదానికి 3 బైట్లు. మొత్తం 24. కుప్పం మన కంటికి రెండక్షరాలే గాని, ప్పం లోని వత్తుకు పొల్లు, ప రెండూ కావాలి గనక 6 గుర్తులు, 18 బైట్లు. ఎవరైనా తెలియక "మొదటి పది బైట్లు మాత్రం చూపు" అంటే, పదో బైటు దగ్గర గుర్తు మధ్యకు తెగి, అక్కడ అర్థంలేని చిహ్నం ఒకటి కనిపిస్తుంది. 2015లో వచ్చిన లువా 5.3లో గుర్తులను లెక్కించే సాధనం చేర్చారు. వికీపీడియాలో ఉన్నది అంతకన్నా పాత లువా గనక, అక్కడి వాళ్లు ఆ సాధనాన్ని వేరే అమర్చుకొన్నారు. అది పుంగనూరుకు 8 అంటుంది. నాలుగు అనిపించాలంటే, గుణింతమూ వత్తూ ఎప్పుడు పక్క అక్షరంలో కలుస్తాయో ఆ నియమం మనమే రాసి ఇవ్వాలి. ఆ నియమం మీ రెండో తరగతి తెలుగు వాచకంలో ఉన్నది.

లువా ఉచితం. పాత కంప్యూటరయినా చాలు, పెద్దవాళ్లు దగ్గరుండి ఎక్కించి ఇవ్వవచ్చు. ముందుగా కాగితం మీద "మదనపల్లె"ను విడగొట్టి చూడండి. అక్షరాలు ఎన్ని, గుర్తులు ఎన్ని, బైట్లు ఎన్ని? నాకు 5, 8, 24 వచ్చాయి. తరవాత మీ ఊరి పేరు, మీ పేరు విడగొట్టండి. "లక్ష్మి" అనే పేరు గల పిల్లలు కాస్త జాగ్రత్తగా లెక్కపెట్టుకోవాలి సుమా!