మన యాదిని కాపాడే పని లైబ్రరీలు చెయ్యాలె

ఒకప్పుడు ఇంట్ల ముఖ్యమైన కాగితాలన్నీ ఇనుప సందుగల ఉండేటివి. పట్టా పాసుబుక్కు, పదో తరగతి మెమో, పెండ్లి ఫొటోలు ఎక్కడున్నయో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇప్పుడు ఆ సందుగ పని ఫోన్ చేస్తున్నది. నాయన ఆఖరి ఫొటో, అవ్వ పాడిన బతుకమ్మ పాట, అక్క పెండ్లి వీడియో అన్నీ అండ్లనే. కానీ సందుగ తరాలు ఆగింది. ఫోన్ నాలుగేండ్లు ఆగితే గొప్ప. నీళ్లల్ల పడ్డా, బస్సుల పోయినా అండ్ల ఉన్నదంత ఒక్కసారే పోతది.

సర్టిఫికెట్ పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. డిజీలాకర్‌ల దొరికేటివి కూడా ఉన్నయ్. చనిపోయిన అవ్వ గొంతును మాత్రం ఏ ఆఫీసూ మళ్లీ ఇయ్యదు.

గూగుల్‌ల ఉంటయ్ గదా!

చాలామంది ధీమా ఇదే. గూగుల్ ఉచితంగ ఇచ్చేది 15 జీబీ. మెయిల్స్, ఫొటోలు, ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ అన్నీ అండ్లనే సర్దుకోవాలె. అది నిండితే కొత్తవి బ్యాకప్ కావు. ఆ ముచ్చట ఫోన్ పోయినంక గానీ తెల్వది. రెండేండ్లు వాడని అకౌంట్లను తీసేసే రూల్ 2023 డిసెంబర్ నుంచి అమలైతున్నది. రీచార్జ్ లేక పాత నంబర్ పోతే ఓటీపీ రాదు. ఇంటి పెద్ద చనిపోతే ఆయన ఫోన్ లాక్ ఎవరికీ తెల్వదు. వాట్సాప్‌ల మామూలుగ పంపిన ఫొటో క్వాలిటీ తగ్గుతది, డాక్యుమెంట్ లెక్క పంపితేనే ఉన్నదున్నట్టు పోతది. ఇవన్నీ చెప్పేటోళ్లు ఊర్ల లేరు.

లైబ్రరీకి ఏం సంబంధం?

హైదరాబాద్‌ల 1901ల శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, హనుమకొండల 1904ల రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టిన్రు. నిజాం పాలనల తెలుగు చదువుకు ఆదరణ లేని రోజులవి. ఆనాడు జనానికి ఏది అవసరమో లైబ్రరీ అదే చేసింది. ఇయ్యాల్టి అవసరం ఇది.

వేరేకాడ ఈ పని ఇప్పటికే నడుస్తున్నది. అమెరికా రాజధాని వాషింగ్టన్‌ల పబ్లిక్ లైబ్రరీ 2016ల ‘మెమొరీ ల్యాబ్’ తెరిచింది. పాత వీడియో క్యాసెట్లు, ఆడియో టేపులు, ఫొటోలు తెచ్చుకొని ఎవరైనా అక్కడి మెషిన్ల మీద డిజిటల్‌గ మార్చుకోవచ్చు. పైసా ఇయ్యాల్సిన పని లేదు. ఎవరి ఫైళ్లు వాళ్లు తమ డ్రైవ్‌ల వేసుకొని పోతరు. ల్యాబ్ ఇచ్చేది మెషిన్, పని నేర్పుడు.

మన దగ్గర దీనికి కోట్లు అక్కర్లేదు. ఒక కంప్యూటర్, ఒక స్కానర్, సీడీ డ్రైవ్, కార్డ్ రీడర్ చాలు. పెండ్లి సీడీలు ఇండ్లల్ల మస్తుగ ఉన్నయ్, అవి పెట్టి చూసే మెషిన్లే లేవు. నెలకొక దినం లైబ్రేరియన్ దగ్గరుండి నేర్పాలె. ఒక్క షరతు: జనం ఆధార్‌లు, ఫొటోలు లైబ్రరీ కంప్యూటర్ల మిగలొద్దు. పని కాంగనే తుడిచెయ్యాలె, లాగౌట్ చెయ్యాలె.

మనమే మొదలువెడదాం

లైబ్రరీ మారేదాక ఆగాల్సిన పని లేదు. ముందుగాల్ల ఏవి పోతే మళ్లీ రావో అవి ఏరుకోవాలె. వేల గుడ్ మార్నింగ్ ఫొటోల నడుమ అసలువి వందే ఉంటయ్. వాటికి పేరు, ఊరు, సంవత్సరం పెట్టాలె. పేరు లేని ఫొటోల ఎవరున్నరో ఇరవై ఏండ్లకు ఎవరికీ తెల్వదు. తర్వాత మూడు కాపీలు చెయ్యాలె: ఫోన్‌ల ఒకటి, హార్డ్ డిస్క్‌ల ఒకటి, ఆన్‌లైన్‌ల గానీ వేరే ఊర్ల చుట్టాల ఇంట్ల గానీ ఇంకొకటి. ఒక్క పెన్‌డ్రైవ్‌నే నమ్ముకోవద్దు. ఏడాదికోసారి తెరిచి చూడాలె. మన తర్వాత అకౌంట్‌ల ఉన్న ఫైళ్లు ఎవరికి అందాల్నో గూగుల్ ‘ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్’ల ముందే రాసిపెట్టొచ్చు.

పైసలు మనయే

ఇంటి పన్నుల ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నం. అడిగే హక్కు మనకున్నది. ఉద్యోగ పరీక్షల కోసం పొద్దంత లైబ్రరీలల్లనే కూసునే యువతకు కంప్యూటర్ కొత్తేం గాదు. వాళ్లల్ల ఇద్దరు ముందటవడ్డా ఈ పని మొదలైతది. ఏటా నవంబర్ 14 నుంచి 20 దాక గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతయ్. వ్యాసరచన, ముగ్గుల పోటీలు ఎట్లాగూ ఉంటయ్. ఈసారి అండ్ల ఒక దినం దీనికి ఇయ్యుమని జిల్లా గ్రంథాలయ సంస్థకు దరఖాస్తు పెట్టాలె. ఆ దినం పెద్దమనుషులను ఫోన్లతోని లైబ్రరీకి తోలుకపోవుడు మన పని.