Chandralekha చంద్రలేఖ: రాయలసీమ కరువు కోసం ఆడిన ఆ నాట్యం.. ఆమె దారినే మార్చేసింది!

భరతనాట్యం అంటే మనకు ఏం గుర్తొస్తుంది? పట్టుచీర, నగలు, కృష్ణుడి కోసం ఎదురుచూసే నాయిక. వీటన్నింటినీ పక్కనపెట్టి, కేవలం మనిషి శరీరమే కథ అని చెప్పిన నృత్య దర్శకురాలు చంద్రలేఖ. దేశంలో ఆధునిక నృత్యం గురించి ఎవరు మాట్లాడినా ఆమె పేరు రాక తప్పదు. అయితే ఆమె ఆలోచన మొదలైంది తెలుగు నేల కరువు దగ్గర అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఎవరీ చంద్రలేఖ?

1928 డిసెంబర్ 6న మహారాష్ట్రలోని వాడాలో ఓ గుజరాతీ కుటుంబంలో పుట్టారు. తండ్రి డాక్టర్. బొంబాయిలో లా చదువుతూ మధ్యలోనే ఆపేసి, నాట్యం కోసం మద్రాసు వచ్చేశారు. ఎల్లప్ప పిళ్ళై దగ్గర భరతనాట్యం నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ఆమెకు అండగా నిలిచింది కవి, నటుడు హరీంద్రనాథ్ చటోపాధ్యాయ. హైదరాబాద్‌లో పుట్టిన ఈయన సరోజినీ నాయుడికి తమ్ముడు. తొలి లోక్‌సభకు విజయవాడ నుంచి గెలిచింది కూడా ఈయనే.

అరంగేట్రం రోజు ఏం జరిగింది?

1952లో మద్రాసులో చంద్రలేఖ అరంగేట్రం. అప్పటికి రాయలసీమ ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అక్కడ తీవ్రమైన కరువు. దాంతో ఆ ప్రదర్శనను కరువు సహాయ నిధి కోసమే ఏర్పాటు చేశారు. ఆమె అభినయిస్తున్న పాట ‘మధురా నగరిలో’. యమునా తీరం, నిండుగా పారే నీళ్లు, చెలికత్తెల జలక్రీడలు.. ఇదంతా చేతులతో, కళ్లతో చూపించాలి.

సరిగ్గా అప్పుడే పత్రికల్లో చూసిన కరువు ఫొటోలు ఆమె కళ్లముందు మెదిలాయి. నెర్రెలు విచ్చిన నేల ఒకవైపు, పొంగిపొర్లే యమున ఇంకోవైపు. గుక్కెడు నీళ్లు లేని జనం కోసం డబ్బు పోగుచేస్తూ, స్టేజీ మీద నీటి వైభోగం చూపించడం ఏంటి? ఈ ప్రశ్న ఆమెను వదల్లేదు. పాట తెలుగుదే, కరువూ తెలుగు నేలదే. కళకూ, బతుకుకూ మధ్య ఇంత దూరం ఎందుకన్నదే ఆమె బాధ.

నాట్యానికి దూరంగా..

వెంటనే మానేయలేదు. దేవదాసి, నవగ్రహ లాంటి ప్రయోగాలు చేశారు. కానీ 1970ల మొదట్లో స్టేజీకి దాదాపు దూరమయ్యారు. పోస్టర్లు గీశారు, రాశారు, మహిళా ఉద్యమాల్లో పనిచేశారు. ‘స్కిల్స్’ అనే బృందంతో ఊళ్లల్లో వర్క్‌షాపులు పెట్టారు. 1982లో ఆమెపైనా, సహచరుడు సదానంద్ మీనన్‌పైనా రాజద్రోహం కేసు పెట్టారు. ఆ తర్వాత అది వీగిపోయింది.

1985లో ‘అంగిక’

1984లో బొంబాయిలో జరిగిన ఈస్ట్-వెస్ట్ డ్యాన్స్ ఎన్‌కౌంటర్ ఆమెను మళ్లీ నాట్యంలోకి తెచ్చింది. మరుసటి ఏడాదే ‘అంగిక’ వచ్చింది. భరతనాట్యం, కేరళ యుద్ధవిద్య కలరిపయట్టు, యోగా.. మూడింటినీ ఒకే వేదికపైకి తెచ్చారు. మూడింటికీ మూలం ఒకటే, అది శరీరం, వెన్నెముక, ఊపిరి అన్నది ఆమె వాదన. అందుకే దేవుళ్ల కథలు లేవు, భారీ నగలు లేవు. వేగం స్థానంలో నెమ్మది వచ్చింది. అరమండిలో కూర్చున్న శరీరం ఎంతసేపు అలా నిలబడగలదో ప్రేక్షకుడు ఓపిగ్గా చూడాల్సిందే.

సంప్రదాయవాదులకు ఇది నచ్చలేదు. ‘ఇది భరతనాట్యమేనా?’ అన్న విమర్శలు వచ్చాయి. ఆమె మాత్రం ఆగలేదు. 1989లో భాస్కరాచార్యుడి గణిత గ్రంథం ఆధారంగా ‘లీలావతి’ చేశారు. అంటే లెక్కలతో నాట్యం! 1991లో వచ్చిన ‘శ్రీ’లో వంగిపోయిన ఆడవాళ్ల వెన్నెముక మెల్లగా నిటారుగా లేచే తీరును చూపించారు. అణచివేత గురించి ఉపన్యాసం లేదు. నడుము వంగితే ఏమవుతుందో, నిలబడితే ఏమవుతుందో చూపించారు, అంతే.

చివరి పని ‘శరీర’

2001లో వచ్చిన ‘శరీర’ ఆమె చివరి పెద్ద ప్రదర్శన. స్టేజీపై ఇద్దరే, ఒక స్త్రీ, ఒక పురుషుడు. స్త్రీ పాత్రలో కవయిత్రి తిషానీ దోషి. నేపథ్యంలో గుండేచా సోదరుల ధ్రుపద్ గానం. అప్పటికి చంద్రలేఖ వయసు డెబ్బై దాటింది. తెల్లటి పొడవాటి జుట్టు, నుదుట పెద్ద బొట్టుతో ఆమె రూపం కూడా అంతే ప్రత్యేకం. సంగీత నాటక అకాడమీ అవార్డు, ఆ తర్వాత ఫెలోషిప్, కాళిదాస్ సమ్మాన్ ఆమెను వరించాయి. 2006 డిసెంబర్ 30న చెన్నైలో కన్నుమూశారు.

ఇప్పుడెందుకు తెలుసుకోవాలి?

కరువొచ్చినా, వరదొచ్చినా సహాయ నిధి కోసం మన దగ్గర కళాకారులు ప్రదర్శనలు ఇస్తూనే ఉంటారు. డబ్బు పోగవుతుంది, చప్పట్లు మోగుతాయి. అది మంచి పనే. కానీ ఎవరి కోసం ఆడుతున్నామో, వాళ్ల బతుకు మన ఆటలో ఎక్కడుందో అడిగినవాళ్లు తక్కువ. చంద్రలేఖ అడిగారు. సమాధానం దొరకడానికి ఆమెకు 30 ఏళ్లకు పైగా పట్టింది.