ట్రైలరు కాళ్లలో బ్రామా చిక్కు

అమెరికాలో కుటుంబాలు కారు వెనుక తగిలించుకుని వెళ్లే ట్రావెల్ ట్రైలరును ఎగుడుదిగుడు నేలపై ఆపినప్పుడు, దాన్ని సమంగా నిలబెట్టే హైడ్రాలిక్ కాళ్లు, అంటే నూనె ఒత్తిడితో కిందికి దిగే జాకీలు, 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా పేటెంటు పొందిన హైడ్రాలిక్ ప్రెస్సు సంతతికి చెందినవి. మూసి ఉన్న ద్రవంపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అంతటా సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రాన్ని బట్టి, ఒక చదరపు సెంటీమీటరు పిస్టనుపై మోపిన 10 కిలోల బరువు, 100 చదరపు సెంటీమీటర్ల పిస్టను మీద 1,000 కిలోలను మోయగలదు.

సూత్రం ఇంత తేలికైనా, పిస్టనుకూ సిలిండరుకూ నడుమ ఉన్న సన్నని సందు బ్రామాను ముప్పుతిప్పలు పెట్టింది. సందును వదులుగా మూస్తే ప్రెస్సులోని నీరు కారిపోయేది, బిగించి మూస్తే పిస్టను వెనక్కి రాకుండా పట్టేసేది. దీనికి విరుగుడుగా అంచు మడిచిన తోలు పట్టీని అమర్చిన ఘనతను బ్రామా పనిశాలలోని హెన్రీ మాడ్స్లేకు ఇస్తారు. సైకిలు పంపులోని తోలు వాషరులాగే, ఒత్తిడి పెరిగిన కొద్దీ ఆ అంచు విచ్చుకుని గోడకు గట్టిగా అతుక్కుంటుంది, ఒత్తిడి తగ్గగానే సడలుతుంది. కారిపోవాలని చూసే ద్రవమే దారిని మూసేయడం ఇందులోని గడుసుతనం. ఇంతటి పనివాడు కూలి పెంచమంటే బ్రామా ఒప్పుకోలేదు, దాంతో 1797లో మాడ్స్లే బయటికి వచ్చి సొంత పనిశాల పెట్టుకున్నాడు. తర్వాత తోలు స్థానంలోకి రబ్బరు, నీటి స్థానంలోకి నూనె వచ్చాయి.

ట్రైలరులో 12 వోల్టుల మోటారు పంపును తిప్పితే, విద్యుత్తుతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వులు నూనెను కావలసిన కాలికి పంపుతాయి. పంపు ఒత్తిడి అన్నిటికీ ఉమ్మడిది కాబట్టి, కాళ్లన్నీ మొరాయిస్తే బ్యాటరీ, ఫ్యూజు, నూనె మట్టం చూడాలి. ఒక్క కాలే మొరాయిస్తే పంపును అనుమానించడం దండగ. అప్పుడు కాళ్లు నేలను తాకకుండా ఉంచి, రెండు వాల్వుల కాయిళ్లను తారుమారు చేసినప్పుడు లోపం రెండో కాలికి మారితే కాయిల్ చెడినట్టు, మారకపోతే తీగనో వాల్వునో పరీక్షించాలి.

రాత్రికి రాత్రి కాలు కుంగినంత మాత్రాన సీలు, అంటే సందును మూసే పట్టీ, పోయిందని తేల్చడం తొందరపాటు, ఎందుకంటే నూనె 10 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే ఘనపరిమాణంలో దాదాపు 0.7 శాతం తగ్గుతుంది. అంటే 40 సెంటీమీటర్లు చాచిన కాలు, నూనె 20 డిగ్రీలు చల్లబడితే దాదాపు అర సెంటీమీటరు దిగవచ్చు. అంతకు మించి దిగుతూ, బయట ఎక్కడా నూనె తడి లేకపోతే, వాల్వు మూతలో నలుసు చిక్కి, ఆ సందు గుండా నూనె ట్యాంకుకు తిరిగిపోతున్నదేమో చూడాలి.

కాళ్లు చాచి ఉండగా ట్యాంకులో మట్టం తక్కువగానే కనిపిస్తుంది, అప్పుడు నింపితే కాళ్లు ముడిచేటప్పుడు నూనె పొంగిపోతుంది. అందువల్ల అన్ని కాళ్లనూ పూర్తిగా పైకి ముడిచిన తర్వాతే నూనె కొలవాలి, కేవలం ఈ కాళ్లపై నిలిచి ఉన్న ట్రైలరు కిందికి ఎవరూ దూరకూడదు.