కాఫీయంత్రమున వేడి నెఱుగు ప్రోబు



తర్కవ్యాకరణములు చెప్పుకొనుచు కాలము గడపిన బడిపంతులు కాఫీయంత్రమును గూర్చి ప్రసంగింప బూనుట చూచి కొందఱు నవ్వుకొనవచ్చును. కాని యిందు కాఫీకంటె వేడి నెఱుగు విధమే నాకు ముఖ్యము. పట్టణములలో కాపురముండు మన కుమారులు, మనుమలు కొందఱు ఇప్పుడు ఎస్ప్రెస్సో యంత్రములను ఇండ్లలో నుంచుకొనుచున్నారు. వారిలో నుత్సాహవంతులు యంత్రపు మూత విప్పి, లోపలి బాయిలరునకు ప్రోబును, అనగా వేడిని తాకి తెలుపు చిన్న కడ్డీని, తామే బిగించుకొనుచున్నారు. పండుగకు వెళ్లినప్పుడు అట్టి యంత్రము బల్లమీద ఎఱ్ఱని యంకెలు చూపుచుండిన, ఆ యంకె నెంతవఱకు నమ్మవచ్చునో, ఆ పనిలో అపాయ మెక్కడ నున్నదో యింటి పెద్దలు తెలిసియుండుట మంచిది.

మన ఫిల్టరున పొడి వేసి, మఱగిన నీరు పోసి, మూతపెట్టి విడిచెదము. నీరు తన బరువుచేతనే మెల్లగా దిగును. దిగుచున్నంతసేపును చల్లాఱుచునే యుండును. అందు రెండు మూడు డిగ్రీల భేదము నెవ్వరును గుర్తింపరు. ఎస్ప్రెస్సో పద్ధతి యట్టిది కాదు. మెత్తగా విసరిన పొడిని చిన్న గిన్నెలో గట్టిగా అదిమి, వాతావరణపీడనమునకు సుమారు తొమ్మిదిరెట్ల యొత్తిడితో వేడినీటిని దానిగుండ నెట్టుదురు. ఇటలీ జాతీయ ఎస్ప్రెస్సో సంస్థవారి ప్రమాణము ప్రకారము ఒక గిన్నెకు పొడి 7 గ్రాములు, ఒత్తిడి 9 బార్లు, కాలము 25 సెకనులు, యంత్రమునుండి వెలువడు నీటివేడి 88 డిగ్రీలు, అటునిటు 2 డిగ్రీలు. ఇతరదేశములలో 90 మొదలు 96 వఱకు వాడువారును గలరు. లేతగా వేయించిన గింజకు కొంచె మెక్కువయు, నల్లబడువఱకు వేయించినదానికి కొంచెము తక్కువయు తగునని వారి యనుభవము. ఇరువదియైదు సెకనులలో ముగియు పనిలో దిద్దుకొనుట కవకాశము లేదు. వేడి చాలకున్న కషాయము పులుపెక్కును, మించిన చేదెక్కును.

ఈ ప్రశ్న మొదటినుండియు నున్నది కాదు. 1884లో ట్యూరిన్ నగరమున ఆంజెలో మొరియోండోయు, 1901లో మిలాన్ నగరమున లుయీజీ బెజ్జెరాయు పేటెంటు పొందిన యంత్రములు ఆవిరి బలముమీద నాధారపడినవి. ఆవిరికి బలము కావలెనన్న నీరు నూఱు డిగ్రీలను దాటవలెను. బలము పెంచినకొలది వేడియు పెరుగును. కాఫీ మాడిన వాసన వేయును. 1938లో పేటెంటునకు పూనుకొని, యుద్ధానంతరము అచిల్లె గాజియా తెచ్చిన యంత్రమున మీటయు స్ప్రింగును నీటిని నెట్టెను. నెట్టుటకు ఆవిరి యక్కఱ లేకపోయెను. అంతటితో ఒత్తిడికిని వేడికిని ఉన్న ముడి విడిపోయినది. నీటిని ఎంత వేడిగా నుంచవలెనన్న ప్రశ్నకు వేఱుగా సమాధానము చెప్పుకొనవలసి వచ్చినది అప్పటినుండియే.

ఆ గాజియా పేరనే 1991లో ఇంటివాడుకకు వెలువడిన క్లాసిక్ అను యంత్రము నుదాహరణముగా గైకొందము. ప్రోబు బిగించువారి చేతులలో నెక్కువగా కనబడువానిలో నదియొకటి. ఇందు ఒత్తిడి పుట్టించునది విద్యుత్పంపు. పాత నమూనాలలో బాయిలరు అల్యూమినియముతో చేసినది. పట్టునది సుమారు 100 మిల్లీలీటర్ల నీరే. దాని యొడలికి థర్మోస్టాటులు బిగింపబడి యుండును. థర్మోస్టాటులో రెండు లోహముల నతికిన చిన్న బిళ్ల యుండును. కాఫీకై యేర్పడినది సుమారు 107 డిగ్రీలు సోకగానే ఆ బిళ్ల టక్కున వంగి విద్యుత్తును త్రుంచును. పాలను నురుగెత్తించు ఆవిరికై యేర్పడినది 145 డిగ్రీల ప్రాంతమున త్రుంచును. త్రుంచిన బిళ్ల మరల తన రూపునకు వచ్చుటకు బాయిలరు ఎన్నియో డిగ్రీలు చల్లాఱవలెను. త్రుంచిన పిమ్మటను లోహమున నిలిచియున్న వేడి కొంతసేపు నీటి కెక్కుచునే యుండును. ఇట్లు బాయిలరు వేడి ఉయ్యెలవలె ఊగుచుండగా, ఊపులో నేదశయందు మీట నొక్కితిమో దానినిబట్టి రుచి మాఱును. ఒకే పొడి, ఒకే చేయి; ఉదయపు గిన్నె పులుపు, సాయంకాలపు గిన్నె చేదు. దీపమాఱిన పిమ్మట ఇన్ని సెకనులు లెక్కించి మీట నొక్కవలెనని యుపాయము పన్నుకొన్నవారు గలరు. ఆ లెక్క యంత్రయంత్రమునకు మాఱును.

మన యిండ్లలో కట్టెలపొయ్యిమీద నన్నము వండు ఇల్లాలు ఈ బిళ్లకంటె తెలివిగలది. ఎసరు చల్లగా నున్నంతసేపు నిండుమంట పెట్టును. పొంగు వచ్చునట్లుండగానే కట్టెను వెనుకకు లాగును. పొంగి పొయ్యి యాఱినదాక వేచియుండదు. ఆమె మూడు సంగతులను గమనించును: కావలసిన వేడికి ఎంత దూరమున నున్నది, ఎంత వేగముగా సమీపించుచున్నది, ఎంతసేపటినుండి కొఱతగా నిలిచియున్నది. ఓడల చుక్కాని పట్టువా రిట్లే నడపుచుండుట చూచి, నికొలాస్ మినోర్స్కీ 1922లో దానిని గణితసూత్రముగా వ్రాసెను. నేడు పి.ఐ.డి. యని పిలువబడు అగ్గిపెట్టెయంత కంట్రోలరు చేయునది ఆ పనియే. అయితే ఇల్లాలికి కన్నులు గలవు. కంట్రోలరునకు గల కన్ను ప్రోబు ఒక్కటియే.

ప్రోబులు ముఖ్యముగా రెండుజాతులు. మొదటిది థర్మోకపుల్. వేఱువేఱు లోహముల తీగలు రెండింటి కొనలను కలిపి కలిసినచోట వేడిచేసిన, స్వల్పమైన విద్యుత్తు పుట్టును; దీనిని 1821లో జీబెక్ కనుగొనెను. కాఫీయంత్రములలో వాడు కె-రకపు జంటలో డిగ్రీ కొక్కంటికి వోల్టులో పదిలక్షలవంతులు సుమారు 41 పుట్టును. ఈ తీగలను తారుమాఱుగా తగిలించిన, వేడి పెరుగుచుండగా అంకె తగ్గును. తీగ చాలకున్న ఆ లోహములతోడనే పొడిగింపవలెను గాని, చేతికి దొరకిన రాగితీగ పనికిరాదు. రెండవది ప్లాటినపు తీగ. వేడి పెరిగినకొలది విద్యుత్తునకు దాని నిరోధము పెరుగును. సున్న డిగ్రీలయొద్ద 100 ఓములు, నూఱు డిగ్రీలయొద్ద సుమారు 138.5 ఓములు. ఇది నిలుకడయైనది, మొదటిది వెల తక్కువది. ఇంటిపనికి రెండును చాలును.

ఇక నసలైన సంగతి. ప్రోబు నీటి వేడిని చెప్పదు. తాను తాకియున్న చోటి వేడిని మాత్రమే చెప్పును. పొగను జూచి కొండమీద నిప్పు గలదని యూహించు ఉదాహరణము తర్కము చదివిన ప్రతి బాలునకు తెలియును. బాయిలరుగోడ వేడి ప్రోబునకు ప్రత్యక్షము. పొడిని తాకు నీటి వేడి మనకు అనుమానము. వ్యాప్తి, అనగా ఇది యిట్లుండిన అది యట్లుండునను నియతసంబంధము, స్థాపింపబడనిదే అనుమానము నిలువదు. దానిని స్థాపించుటకు నీరు వెలువడుచోటనే మఱియొక సన్నని థర్మోమీటరును ధారలో నుంచి కొలువవలెను. మా మనుమడు హైదరాబాదులో తన యంత్రమున నిట్లు కొలుచుచుండగా నేను ప్రక్కన కూర్చుండి అంకెలు వ్రాసితిని. గోడ 105 చూపునపుడు ధార 94 ఉండెను. నడుమ నున్న లోహపు దారిలో 11 డిగ్రీలు పోయినవి. మఱియొక యంత్రమున ఈ భేద మింతే యుండవలెనను నియమము లేదు. నూఱు దాటినను నీరేల మఱుగదని సందేహము కలుగవచ్చును. మూసిన బాయిలరులో ఒత్తిడి యుండుటచే మఱుగుస్థానము పైకి జరుగును; ప్రెషరుకుక్కరు సంగతియు నదియే.

పై వ్యాప్తికిని ఉపాధి గలదు. యంత్రము చిరకాలము వేడియై నిలిచినప్పుడే ఆ 11 డిగ్రీల లెక్క చెల్లును. మీట వేసిన అయిదు నిమిషములకు అంకె 105 చేరును గాని, పొడిగిన్నెను పట్టియుంచు బరువైన ఇత్తడిభాగ మింకను గోరువెచ్చగనే యుండును. ఆ తొందరలో తీసిన గిన్నె పులుపుగా నుండిన, తప్పు ప్రోబుది కాదు. మఱియొక చిక్కు: పంపు నడచునప్పుడు తొట్టిలోని చన్నీరు బాయిలరులో ప్రవేశించును. ఇంత చిన్న బాయిలరులో ఒక గిన్నె నీరనగా మూడవవంతు. లోన నీటివేడి దిగుచుండగా దళసరి గోడవెలుపల నున్న ప్రోబునకు ఆ వార్త కొన్ని సెకనులు ఆలస్యముగా చేరును. కావున అంకె కదలకుండుట చూచి నీరును కదలకున్నదని చెప్పరాదు.

బిగించు విధము క్లిష్టమైనది కాదు. ముందుగా ప్లగ్గును గోడనుండి ఊడబెఱుకవలెను. మీట ఆర్పిన చాలదు. యంత్రము పూర్తిగా చల్లాఱిన పిమ్మట పైమూత విప్పి, ఏతీగ యెక్కడిదో కాగితముమీద గీసికొనవలెను. కాఫీథర్మోస్టాటును విప్పి, ఆ మఱలోనే పట్టునట్లు 4 మిల్లీమీటర్ల మఱగల ప్రోబును ఎక్కింపవలెను. మఱలోని గాలిసందు వేడిని అడ్డగించును గనుక, వేడిని ప్రసరింపజేయు ముద్దను రవంత పూయుదురు. అల్యూమినియము మెత్తనిది, బలముకొలది త్రిప్పిన మఱ చెడును. ప్రోబుతీగ వేడికి కరగని తొడుగుగలదై, విద్యుత్తీగలకు దూరముగా పోవలెను. థర్మోస్టాటు చేయుచుండిన త్రుంచు పని యిప్పుడు రిలేది. వెయ్యివాట్లకు మించిన విద్యుత్తు దానిగుండ పోవును గనుక వేడెక్కును; యంత్రపు లోహపుగోడ కానించి బిగింపవలెను.

ఇచ్చటనే అపాయము. మఱ వదులై ప్రోబు జాఱిన, అది చల్లనిగాలిని తాకి "చల్లగా నున్నది" అని చెప్పుచునే యుండును. దానిని నమ్మి కంట్రోలరు నిండువేడి నిచ్చుచునే యుండును. రిలేయును చెడినపుడు తఱచుగా త్రుంచుకొనిపోదు, కలిసిపోవును; అప్పుడును వేడి ఆగదు. ఈ రెండు సమయములందును ఇల్లు కాపాడునది బాయిలరు నంటియున్న ఉష్ణఫ్యూజు. ప్రోబునకు చోటు చాలలేదని గాని, తీగలు చిక్కుపడుచున్నవని గాని దానిని తొలగించువారు గలరు. అట్టివారి చేతినుండి స్క్రూడ్రైవరును లాగికొనుట పెద్దల ధర్మమని నా యభిప్రాయము. ఆవిరి థర్మోస్టాటును కూడ నుంచుటయే మేలు. 230 వోల్టులును నీరును ఒకే పెట్టెలో నున్నవి. ఎర్తుతీగను మరల బిగింపక మూత వేయరాదు. విద్యుత్పని యెఱుగనివారు మెకానిక్కుచేత చేయించుకొనవలెను.

ప్రోబు నిజము చెప్పుచున్నదో లేదో బిగించుటకు ముందే పరీక్షింపవచ్చును. చితుకగొట్టిన మంచుగడ్డయు నీరును కలిపిన గిన్నెలో ముంచి కలియబెట్టుచుండిన సున్న చూపవలెను. తెర్లుచున్న నీటిలో విశాఖ సముద్రతీరమున 100 చూపవలెను. మన కాఫీతోటలున్న అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తు. అచ్చట నీరు 97 డిగ్రీల ప్రాంతముననే తెర్లును. ఆ సంగతి యెఱుగక ప్రోబు చెడినదని పాఱవేయరాదు. ఏడాదికొకసారి ప్రోబును విప్పి ఈ రెండు పరీక్షలును మరల చేసి, అంకెలను తేదీతో వ్రాసికొనవలెను. విప్పిన పాత థర్మోస్టాటును, తీగలు గీసికొన్న కాగితమును ఒక డబ్బాలో కలిపి యంత్రము ప్రక్కనే యుంచవలెను. కంట్రోలరు చెడిననాడు, ప్లగ్గు తీసి, ఆ కాగితము చూచి పాతదానిని మరల బిగించిన, ఆ యుదయమునకు కాఫీ తప్పదు.